తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంత లారీ డ్రైవర్లు: వృత్తి కాలం, కుటుంబ కాలం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

కృష్ణా పశ్చిమ డెల్టాలో సరుకు రవాణా పడవ నుంచి లారీకి మారిన క్రమాన్ని, ఆ మార్పు డ్రైవర్ల కుటుంబ జీవనంపై చూపిన ప్రభావాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. లారీ డ్రైవరు ఇంటికి దూరంగా ఉండటాన్ని అతని స్వభావానికో, వృత్తి సహజ లక్షణానికో ముడిపెట్టడం లోకంలో వాడుక. ఆ దూరం యాజమాన్య స్వరూపం, కూలి చెల్లించే పద్ధతి, కార్మిక చట్టాల పరిధి కలిసి కల్పించినదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: లారీ రవాణా, కృష్ణా డెల్టా, బత్తా, పని గంటలు, కుటుంబ శ్రమ, మోటారు రవాణా కార్మికుల చట్టం.

ఉపోద్ఘాతం

తెలుగు సామాజిక చరిత్ర రైతును గురించి, చేనేత కార్మికుని గురించి, గని కార్మికుని గురించి చెప్పినంతగా రవాణా కార్మికుని గురించి చెప్పలేదు. ఆ లోటును సినిమా తనదైన పద్ధతిలో పూరించింది. ‘డ్రైవర్ రాముడు’ (1979), ‘లారీ డ్రైవర్’ (1990) వంటి చిత్రాలు ఈ వృత్తిని కథానాయకుని వృత్తిగా నిలబెట్టాయి. తెరమీది డ్రైవరుకు కావలసినప్పుడల్లా ఇంటికి వచ్చే తీరిక ఉంటుంది. నిజ జీవితంలోని డ్రైవరుకు లేనిది అదే.

తెనాలి గుంటూరు జిల్లాలో ఉంది. రేపల్లె, బాపట్ల 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. అంతకుముందు మూడూ గుంటూరు జిల్లావే. ఈ మూడింటికీ ఉన్న ఒక సామ్యం ఈ పరిశీలనకు ముఖ్యం. మద్రాసు–కలకత్తా జాతీయ రహదారి (పాత 5, నేటి 16) వీటిలో ఏ ఊరి మీదుగానూ పోదు. ఒంగోలు, చిలకలూరిపేట, గుంటూరు, విజయవాడల మీదుగా పోతుంది. అందువల్ల ఇక్కడి డ్రైవర్లలో చాలామందికి ఇల్లు ఒకచోట, బండి దొరికేది మరొకచోట. లోడు ఎక్కక ముందే, అంటే గుంటూరుకో విజయవాడకో బయలుదేరినప్పుడే ఇంటికి దూరమవడం మొదలవుతుంది.

పడవ నుంచి లారీకి

1852–55 మధ్య విజయవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట కట్టారు. ఆ తరువాత డెల్టా కాలువలు సాగునీటితో పాటు సరుకునూ మోశాయి. పశ్చిమ ప్రధాన కాలువ దుగ్గిరాల దాకా వస్తే, అక్కడి నుంచి కొమ్మమూరు కాలువ దక్షిణంగా సాగి పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువను కలిసేది. ధాన్యం, ఉప్పు, కట్టెలు మోసే పడవలు ఈ మార్గంలో మద్రాసు వరకు నడిచాయి. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గట్టు మీద తాడు లాగే మనుషులు. ప్రయాణానికి రోజులు పట్టేవి. పడవవాని బతుకు సుఖమైనదని చెప్పటానికి ఏ ఆధారమూ లేదు. వాన, దోమ, తాడు ఒరుసుకుని కాసిన భుజం, తక్కువ కూలి, వెరసి అది కష్టజీవితమే.

అయితే ఆ పనికి ఒక హద్దు ఉండేది. ఏటా వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టివేసేవారు. నీరు లేకపోతే పడవ లేదు. పడవ లేకపోతే పడవవాడు ఇంట్లో ఉంటాడు. పెళ్లిళ్లు, ఇళ్లు కప్పుకోవడం, బాకీల లెక్కలు అన్నీ ఆ నెలల్లోకి ఒదిగేవి. ఈ విరామాన్ని ఇచ్చింది యజమాని కాదు, చట్టమూ కాదు. నీటి పారుదల శాఖ తన అవసరం కోసం పెట్టుకున్న ఏర్పాటు అది. రోడ్డుకు అలాంటి కట్టివేత లేదు. ఏడాది పొడుగునా తెరిచి ఉండే దారి మీద, ఆగవలసిన సమయాన్ని ఎవరో ఒకరు నిర్ణయించాలి. ఆ నిర్ణయాధికారం ఎవరికి దక్కిందన్న ప్రశ్న చుట్టూనే ఈ ప్రాంత లారీ డ్రైవర్ల కుటుంబ చరిత్ర తిరుగుతుంది.

పడవ ఒక్కరోజులో పోలేదు. 1899 నాటికి విజయవాడ–మద్రాసు రైలు మార్గం తెనాలి, బాపట్లల మీదుగా నడిచింది. 1916లో గుంటూరు–తెనాలి–రేపల్లె మార్గం వచ్చింది. దూరపు సరుకు క్రమంగా రైలెక్కింది. బకింగ్‌హాం కాలువను 1960, 1970లలో వచ్చిన తుపానులు దెబ్బతీశాయి. ఈలోగా లారీ వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న ట్రక్కులు దేశమంతటా ప్రైవేటు వ్యక్తుల చేతికి వచ్చాయి. 1954లో టెల్కో సంస్థ జర్మనీ డైమ్లర్–బెంజ్‌తో ఒప్పందం చేసుకుని ట్రక్కుల తయారీకి పూనుకోగా, 1955లో అశోక్ లేలాండ్ ఆ పేరుతో నిలబడింది. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయి దానిమీద రోడ్డు రావడంతో కృష్ణ దాటడం ఏ ఋతువులోనైనా సులువైంది. విజయవాడ ఆటోనగర్‌లో ఛాసిస్‌కు బాడీ కట్టించుకుని, ఫైనాన్సు మీద బండి దింపుకోవడం డెల్టా పల్లెల్లో మిగులు సంపాదించిన రైతు కుటుంబాలకు కొత్త పెట్టుబడి మార్గమైంది. భూమి లేని కుటుంబాల యువకులకు క్లీనరుగా ఎక్కి డ్రైవరుగా దిగడం పొలం కూలి నుంచి బయటపడే దారి అయింది.

ఒకే లైసెన్సు, రెండు జీవితాలు

1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. తరువాతి సంవత్సరాల్లో కోస్తా జిల్లాల బస్సు మార్గాలు ఒక్కొక్కటిగా జాతీయం అయ్యాయి. సరుకు రవాణా మాత్రం ప్రైవేటు రంగంలోనే ఉండిపోయింది. ఈ విధాన నిర్ణయపు పర్యవసానాన్ని ప్రయాణికుల వైపు నుంచి, బస్సు యజమానుల వైపు నుంచి పలువురు చర్చించారు. డ్రైవరు ఇంటివైపు నుంచి చూసినవారు అరుదు.

తెనాలి, రేపల్లె, బాపట్ల మూడింటా ఆర్టీసీ డిపోలు ఉన్నాయి. ఒకే వీధిలో పెరిగి, ఒకే రకం బండి నడపగలిగిన ఇద్దరిలో ఒకరు డిపోలో చేరితే, మరొకరు లారీ ఎక్కారనుకుంటే, ఇరవై ఏళ్ల తరువాత ఆ రెండు ఇళ్లూ ఒకేలా ఉండవు. డిపో డ్రైవరుకు డ్యూటీ చార్టు ఉంది. నైటవుట్ చేసినా మర్నాడు ఎప్పుడు దిగుతాడో ఇంట్లో తెలుసు. వారాంతపు సెలవు, భవిష్యనిధి, సంఘం ఉన్నాయి. 2020 జనవరి 1 నుంచి ఆ సంస్థ ఉద్యోగులు ప్రజా రవాణా శాఖ పేర ప్రభుత్వోద్యోగులయ్యారు. లారీ డ్రైవరుకు వీటిలో ఒక్కటీ లేదు. ఇద్దరి నైపుణ్యమూ ఒకటే, ఊరూ ఒకటే. తేడా వారిని నియమించిన సంస్థలో ఉంది. డ్రైవరు వృత్తి అంటేనే సంసారానికి పనికిరాదన్న లోకోక్తి వంటి మాటకు, అదే ఊళ్లో సంసారాలు చక్కగా నడిపిన ఆర్టీసీ డ్రైవర్లే జవాబు.

చట్టం లేదని కాదు. 1939 మోటారు వాహనాల చట్టమే డ్రైవరు పని గంటలకు పరిమితి పెట్టింది. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్నది. దూర మార్గాల్లో అనుమతితో పెంచినా రోజుకు 10, వారానికి 54 గంటలు మించరాదన్నది. వారానికొక సెలవు దినాన్నీ నిర్దేశించింది. ఐతే ఆ చట్టం, 2025లో రద్దయ్యేదాకా, ఐదుగురు లేక అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించేది. రాష్ట్ర ప్రభుత్వం తలచుకుంటే ప్రకటన ద్వారా చిన్న సంస్థలకూ విస్తరించగలిగేది. కాని ఒకటి రెండు బండ్ల యజమానులే ఎక్కువగా ఉన్న డెల్టా లారీ రంగంలో చట్టం గడప దాటి లోపలికి రాలేదు.

ఆ చట్టంలోని ‘పని గంటలు’ అన్న నిర్వచనం పరిశోధకులు శ్రద్ధగా చదవదగినది. టెర్మినల్ వద్ద పదిహేను నిమిషాల లోపు నిరీక్షణను అది పనిలో స్పష్టంగా చేర్చింది. అంతకు మించిన నిరీక్షణ మాట ఎత్తలేదు. బస్సును దృష్టిలో పెట్టుకుని రాసిన వాక్యమది. లారీ డ్రైవరు నిరీక్షణ నిమిషాల్లో ఉండదు. కాటా దగ్గర పూట, మార్కెట్ యార్డు గేటు ముందు రాత్రి, తిరుగు లోడు కోసం పరాయి రాష్ట్రంలో రెండు మూడు రోజులు. ఆ రోజులు పనికిందికీ రావు, విశ్రాంతి కిందికీ రావు. ఇంటి లెక్కలో మాత్రం అవి లేని రోజులే.

మూడు ఊళ్ల రాత్రులు

ఇంటికి దూరం కావడం అన్నిచోట్లా ఒకే రీతిగా లేదు. సరుకు స్వభావాన్ని బట్టి అది మారింది.

తెనాలి చుట్టుపక్కల నిమ్మ, అరటి, పసుపు, మినుము, ధాన్యం పండుతాయి. తెనాలి నిమ్మ మార్కెట్టు, దుగ్గిరాల పసుపు యార్డు ప్రసిద్ధమైనవి. ఈ సరుకులో చాలాభాగం రాష్ట్రం దాటుతుంది. నిమ్మకాయ పాడయ్యే సరుకు గనుక డ్రైవరును పరుగెత్తిస్తుంది. పసుపు నిలవ ఉండే సరుకు గనుక అతన్ని మార్కెట్టు ధర కోసం నిలబెడుతుంది. పరుగైనా నిలుపుదలైనా నిర్ణయించేది సరుకే. 1975లో నేషనల్ పర్మిట్ నిబంధనలు రావడంతో ఒకే బండి అనేక రాష్ట్రాలు తిరిగే వీలు కలిగింది. యజమానికి అది వ్యాపార విస్తరణ. డ్రైవరు ఇంటికి మాత్రం వారం రోజుల ట్రిప్పు నెల రోజులది కావడం.

బాపట్లది వరి ప్రాంతం. అక్కడి వ్యవసాయ పరిశోధన నుంచి 1986లో విడుదలైన బి.పి.టి. 5204 వరి రకం ఊరి పేరును దక్షిణాదికంతటికీ తీసుకుపోయింది. (ఆ పేరు అంతదూరం చేరడంలో బియ్యం లారీల పాత్రను ఏ వ్యవసాయ చరిత్రా లెక్కించలేదు.) ఇక్కడ ఒక వైరుధ్యం గమనించాలి. డెల్టాలో సార్వా కోతలు, నూర్పిళ్లు, ధాన్యం అమ్మకాలు సంక్రాంతికి అటూ ఇటూగా సాగుతాయి. రైతు ఇంట పంట చేతికొచ్చి కూతుళ్లూ అల్లుళ్లూ చేరే రోజులవి. లారీకి గిరాకీ హెచ్చేదీ సరిగ్గా అప్పుడే. కనుక పండుగ ఎంత ఘనంగా జరిగితే డ్రైవరు అంత దూరాన ఉంటాడు. వ్యవసాయ పంచాంగం ఊరందరినీ ఇంటికి పిలిచే వేళ అతన్ని బయటికి పంపింది.

రేపల్లె వైపు పరిస్థితి వేరు. 1990లలో తీరప్రాంతంలో రొయ్యల సాగు ఊపందుకుంది. చెరువు పట్టుబడి చేశాక రొయ్య మంచుగడ్డల్లో కొన్ని గంటల్లో ప్రాసెసింగ్ కేంద్రానికి చేరాలి. నిజాంపట్నం రేవు చేపలదీ అదే తొందర. ఇవి దూరపు ట్రిప్పులు కావు. డ్రైవరు తెల్లవారేసరికి ఇంటికి వస్తాడు. వచ్చి నిద్రపోతాడు. పిల్లలు బడికి వెళ్లేటప్పుడు నిద్రలో ఉన్న తండ్రి, వాళ్లు వచ్చేసరికి బయలుదేరడానికి సిద్ధమవుతుంటాడు. ఇంట్లో ఉండటం, ఇంటివారితో ఉండటం ఒకటి కాదని ఈ తీర ప్రాంతపు రాత్రి బండ్లు చూపుతాయి. ఈ శతాబ్దపు తొలి దశకంలో కృష్ణపై పెనుమూడి–పులిగడ్డ వారధి అందుబాటులోకి వచ్చాక రేపల్లె నుంచి అవనిగడ్డ వైపు దారి దగ్గరైంది. కత్తిపూడి–ఒంగోలు 216వ జాతీయ రహదారి రేపల్లె, బాపట్లల మీదుగా సాగుతోంది. పాత 5వ నెంబరు రహదారికి దూరంగా ఉన్న ఊళ్ల ముంగిటికి చివరికి ఒక రహదారి వచ్చింది. ఇంటి ముందునుంచే బండి పోతుంది. కాని ఆగడానికి వీలుండదు.

బత్తా, వాయిదా

లారీ డ్రైవరు రాబడిలో నెల జీతం చిన్న భాగం. బత్తా, తిరుగు లోడు మీద వచ్చేది, దారి ఖర్చులకు ఇచ్చిన మొత్తంలో మిగిల్చుకున్నది కలిస్తేనే ఇల్లు గడుస్తుంది. ఈ పద్ధతిలో ఇంట్లో ఉన్న రోజుకు విలువ లేదు. విలువ లేకపోవడమే కాదు, అది నష్టం. బిడ్డకు జ్వరం వస్తే ఆగిపోయిన తండ్రి ఆ వారం వైద్యానికి తేవలసిన డబ్బును కూడా పోగొట్టుకుంటాడు. కుటుంబం పట్ల బాధ్యత అతన్ని ఇంట్లో ఉండమంటుంది. అదే బాధ్యత బండెక్కమంటుంది. తప్పుకోలేని ఈ ఇరకాటాన్ని మనస్తత్వంతోనో, సమయ పాలనా సూత్రాలతోనో వివరించబూనడం కూలి పద్ధతిని చూడకపోవడమే.

సొంత బండి కొనుక్కుంటే ఈ చిక్కు తీరుతుందన్న ఆశ డ్రైవర్ల కుటుంబాల్లో బలంగా ఉండేది. భార్య నగలు, అత్తవారిచ్చిన సొమ్ము, చిట్టీ పాట పాడిన డబ్బు కలిపి పాత బండి కొనడం సాధారణ దృశ్యం. అయితే యజమాని కం డ్రైవరుకు సెలవివ్వగల యజమాని లేడు. ఫైనాన్సు వాయిదా తేదీ మారదు. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై నియంత్రణ ఎత్తివేశారు. 2017 జూన్ నుంచి ధర రోజువారీగా మారసాగింది. వాయిదా స్థిరం, డీజిల్ చరం, కిరాయి బ్రోకరు చేతిలో. మిగిలిందే ఇంటికి. రాష్ట్ర విభజన జరిగాక, 2015 ఏప్రిల్ నుంచి తెలంగాణలో ప్రవేశించే ఆంధ్ర లారీలపై వేరుగా పన్ను పడింది. నిన్నటిదాకా సొంత రాష్ట్రపు ట్రిప్పు అయిన హైదరాబాదు పరాయి రాష్ట్రపు ట్రిప్పు అయింది.

ఖర్చు తగ్గించుకునే ప్రయత్నంలో చాలా బండ్ల నుంచి క్లీనరు మాయమయ్యాడు. క్లీనరు డ్రైవరును ‘గురువు’ అనేవాడు. తరచుగా అతడు మేనల్లుడో, బావమరిదో, పక్కింటి కుర్రవాడో అయ్యేవాడు. వంట, బండి కడగటం, టార్పాలిన్ కట్టడం, రాత్రివేళ డ్రైవరు కునుకు తీయకుండా మాటలు చెప్పడం అతని పనులు. ఇంటి నుంచి బండిలోకి వచ్చిన ఒక చుట్టరికం అది. అది తెగడంతో దారి మీద డ్రైవరు పూర్తిగా ఒంటరివాడయ్యాడు. వృత్తి నేర్చుకునే సంప్రదాయ మార్గమూ సన్నగిల్లింది. రవాణా వాహనం లైసెన్సుకు ఎనిమిదో తరగతి చదువు ఉండాలన్న కేంద్ర నిబంధన కూడా ఆ మార్గానికి అడ్డుపడింది. దాన్ని 2019లో తొలగించారు.

ఇంటిని నడిపిన చేయి

డ్రైవరు లేని రోజుల్లో ఇంటిని నడిపినవారు స్త్రీలు. చరిత్ర రచన వారిని ‘ఎదురుచూసే భార్య’గా మాత్రమే ఊహించింది. నిజానికి ఆ ఇల్లాలు చేసినది నిరీక్షణ కాదు, నిర్వహణ. రేషన్ కార్డు, బడి ఫీజు, అత్తమామల మందులు, చిట్టీ, ఫైనాన్సు వారితో మాటలు, బండి పోలీసు స్టేషన్‌లో ఉంటే యజమాని ఇంటికి పోయి నిలబడటం, ఇవన్నీ ఆమెవే. తనకంటూ మిరప కోతకో, వరినాట్లకో, కుట్టుపనికో వెళ్లిన కూలి వేరు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమనే కాక రేపల్లె తీరాన్నీ ముంచింది. అలాంటి రాత్రుల్లో ఇంట్లో మగదిక్కు లేని డ్రైవరు కుటుంబం పిల్లల్నీ ముసలివారినీ ఒక్క చేతిమీద గట్టెక్కించుకోవలసి వచ్చేది.

తండ్రి అధికారం ఈ ఇళ్లలో విచిత్రంగా చీలింది. పిల్లల చదువు, కూతురి సంబంధం వంటి నిర్ణయాలు మాటవరసకు అతనివి; వివరాలన్నీ ఆమెకే తెలుసు. దిగిన రెండు రోజుల్లో తండ్రి అతిథిలా గౌరవం పొందేవాడు, అతిథిలాగే ఇంటి సంగతులు తెలియక ఇబ్బంది పడేవాడు. ఆ దూరాన్ని పూడ్చుకునే యత్నానికి బండే సాక్ష్యం. లారీ నొసట, డాలా మీద పిల్లల పేర్లు రాయించడం ఆంధ్ర డ్రైవర్ల, యజమానుల అలవాటు. దసరా ఆయుధపూజ నాడు బండి కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, పిల్లల్ని క్యాబిన్‌లో ఎక్కించుకుని ఊరు చుట్టి రావడం ఆ కుటుంబాలకు పెద్ద పండుగ. సంక్రాంతికి దొరకని తండ్రి దసరాకు దొరికాడంటే, ఆ రోజు బండికి కూడా సెలవు కాబట్టే.

కబురు అందే మార్గాలు మారుతూ వచ్చాయి. ఒకప్పుడు ట్రాన్స్‌పోర్టు ఆఫీసు టెలిఫోనే దిక్కు. అక్కడి గుమాస్తా దయ ఉంటే ఇంటి కబురు తరువాతి హాల్టుకు చేరేది. 1990లలో ఎస్.టి.డి. బూత్ వచ్చింది. అర్ధరాత్రి దాటాక డ్రైవరు చేస్తే, పక్కింటివారు లేచి పిలుచుకొచ్చేవారు. సెల్‌ఫోన్ వచ్చాక మాట సులువైంది. కాని అది యజమానికీ సులువైంది. జీపీఎస్, ఫాస్టాగ్ సందేశాలు బండి ఎక్కడుందో క్షణాల్లో చెబుతున్నాయి. ఇల్లాలికి అవి ధైర్యం, డ్రైవరుకు పహరా.

అనుమానం, చట్టం

1990ల మధ్య నుంచి జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం లారీ డ్రైవర్లను వ్యాధిని సామాన్య జనంలోకి చేరవేయగల ‘వారధి జనాభా’గా గుర్తించింది. ప్రజారోగ్య దృష్టితో అది అవసరమైన చర్యే. రహదారుల వెంట జరిగిన పరీక్షలు, ప్రచారం ప్రాణాలు కాపాడాయి. కాని పరిపాలనా పదమొకటి పల్లెకు చేరేసరికి నిందగా మారింది. దూరపు బండి నడిపేవానికి పిల్లనివ్వడానికి జంకు పెరిగింది. భార్య మనసులో అడగలేని ప్రశ్న ఒకటి నాటుకుంది. దీర్ఘకాలపు ఒంటరితనాన్ని కల్పించిన పని పద్ధతి మీద చర్చ లేదు. దాని ఫలితం మాత్రం డ్రైవరు నడవడిగా నమోదైంది.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు నిత్యావసరాల పేర లారీ కదిలింది. దాబాలు మూతపడ్డాయి. అన్నం లేని దారుల్లో సరుకు తెచ్చిన మనిషి ఊరికి వస్తే ఊరు భయపడింది. 2019 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆరంభించిన వాహనమిత్ర పథకం సొంత ఆటో, టాక్సీ నడుపుకునేవారికి ఏటా పదివేలు ఇచ్చింది. లారీ నడిపేవారు ఆ జాబితాలో లేరు.

భారతీయ న్యాయ సంహితలోని 106(2) సెక్షన్, ప్రమాదం చేసి సమాచారమివ్వకుండా వెళ్లిపోయిన డ్రైవరుకు పదేళ్ల వరకు శిక్ష విధించింది. దానిపై 2024 జనవరి మొదటి రోజుల్లో దేశవ్యాప్తంగా డ్రైవర్లు బండ్లు ఆపారు. ఆ సంహిత 2024 జూలై 1న అమలులోకి వచ్చినా ఆ ఉపవిభాగాన్ని పక్కన ఉంచారు. ప్రమాద స్థలంలో ఆగితే గుంపు కొడుతుందన్న భయం, ఆగకపోతే పదేళ్ల జైలన్న భయం, ఈ రెండింటి మధ్య ఇంట్లోవారు ఏ గతిన బతకాలన్నది ఆ రోజుల్లో డ్రైవర్ల కుటుంబాల ప్రశ్న. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే భారీ సరుకు వాహనాల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి చేశారు. క్యాబిన్ చల్లబడింది, అందులో గడపవలసిన గంటల మీద కొత్తగా ఏ పట్టింపూ రాలేదు.

1961 చట్టాన్ని తనలో కలుపుకున్న 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి మోటారు రవాణా సంస్థకు పెట్టిన హద్దు పదిమంది కార్మికులు. పాత చట్టంలో అది ఐదుగురు.